సముద్రపు తొట్టికి ఇసుక కడగడం, ఉప్పునీళ్ళు కలపడం

మామిడికాయ ముక్కలకు ఉప్పు నేను చేత్తోనే వేస్తాను. ఇరవై రెండేళ్ళుగా వనస్థలిపురంలో పచ్చళ్ళు పట్టి అమ్ముతున్నాను. ఎన్ని ముక్కలకు ఎన్ని గుప్పిళ్ళు పడుతుందో చెయ్యే చెబుతుంది. ఆ చెయ్యే సముద్రపు చేపల తొట్టి దగ్గర నన్ను ముంచింది. అందుకే మొదటి మాటగా చెబుతున్నాను: ఈ పనికి కూర్చునేటప్పుడు చేతివాటాన్ని పక్కన పెట్టి కాటా తెచ్చుకోండి.

మా అబ్బాయి పుణెకు బదిలీ అయినప్పుడు మూడడుగుల గాజు తొట్టిని ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. పొడవు 90, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు. వాడు అందులో గోల్డ్‌ఫిష్‌లు పెంచేవాడు. నేను చీరాలలో పుట్టిపెరిగినదాన్ని. ఉప్పునీళ్ళ చేపలంటే నాకు కూర వండే చేపలే గుర్తుకొచ్చేవి. ఒకరోజు దుకాణంలో నారింజ రంగు మీద తెల్ల పట్టీల చేపను చూశాక మనసు అటు మళ్ళింది. "సముద్రం చీరాలలో ఉండగా దాన్ని మూడో అంతస్తుకు మోయడం ఎందుకు?" అన్నారు మా ఆయన. చివరికి మోసింది ఆయనే.

తొట్టిని ఎక్కడ పెట్టాలన్నది ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నీళ్ళు, ఇసుక, రాళ్ళు, గాజు, స్టాండు కలిపి ఈ కొలత తొట్టి 250 కిలోలు దాటుతుంది. గది మధ్యలో కాకుండా గోడ వారగా, కింద దూలం ఉన్న చోట, ఎండ పడని వైపు పెట్టండి. మేస్త్రీలు వాడే మట్టం గొట్టంతో నాలుగు వైపులా చూసుకోండి. నీళ్ళు నిండాక స్టాండు కింద చెక్కముక్క దూర్చే అవకాశం ఉండదు.

ఇక నీళ్ళు. అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకునేది ఇదే కాబట్టి ముందు దీన్ని మొదలుపెట్టాలి. మా ఇంటికి రోజు విడిచి రోజు జలమండలి వారి కృష్ణా నీళ్ళు వస్తాయి, మిగతా అవసరాలకు అపార్ట్‌మెంటు బోరు ఉంది. కలం అంత ఉండే టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాలు ఎన్నో చూపేది, కొని రెండింట్లోనూ ముంచి చూశాను. కృష్ణా నీళ్ళు 310 చూపించాయి, బోరు 940. దక్కను రాతి పగుళ్ళలో నిలిచిన నీళ్ళు, సున్నం, మెగ్నీషియం పుష్కలంగా ఉంటాయి. బాత్‌రూము కుళాయి మీద తెల్లటి పెచ్చు కట్టేది అదే. "ఎలాగూ ఉప్పు కలిపేదే కదా, ఇందులో కొంత ముందే ఉంది, మంచిదేగా" అని నాకూ అనిపించింది. కాదు. సముద్రపు ఉప్పులో ఏది ఎంత ఉండాలో లెక్క ఉంది. మన కుళాయి నీటిలో ఏముందో, ఈ నెల ఉన్నది వచ్చే నెల ఎంత ఉంటుందో లెక్క లేదు. నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు వచ్చాయంటే నాచు పట్టుకుంటుంది. రాగి కొద్దిగా వచ్చినా రొయ్యలు, నత్తలు బతకవు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉండనే ఉంటుంది.

కాబట్టి మొదలుపెట్టాల్సింది సున్నా టీడీఎస్ నీళ్ళతో. వంటింట్లో ఆర్‌ఓ ఉందిగా అంటారు. మా దాని కింద మీటరు పెడితే 70 చూపించింది. తాగే నీళ్ళు మరీ చప్పగా ఉండకుండా ఆ యంత్రాల్లో కాస్త ముడి నీటిని కలిపే మర ఒకటి ఉంటుంది, లేదా ఖనిజాలు కలిపే గొట్టం ఉంటుంది. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళదీ ఇదే కథ. తాగడానికి భేషుగ్గా ఉంటాయి, తొట్టికి పనికిరావు. మాకు ఆర్‌ఓ బాగుచేసే అబ్బాయే విడిగా ఒకటి కట్టి ఇచ్చాడు: మడ్డిని ఆపే గొట్టం, క్లోరిన్‌ను లాగే బొగ్గు గొట్టం, రోజుకు 75 గ్యాలన్లు వడకట్టే ఆర్‌ఓ పొర, చివర మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం. ఆ చివరిది లేకపోతే 10, 15 దగ్గర ఆగుతుంది. అది ఉంటే సున్నా. రంగు మారే రెసిన్ అడగండి. నీలం పోయి మట్టి రంగుకు వస్తుంటే మార్చే సమయం వచ్చిందని కంటికే తెలుస్తుంది. క్లోరిన్ ఉందో లేదో మాత్రం టీడీఎస్ మీటరు చెప్పలేదు. అందుకని బొగ్గు గొట్టాన్ని గడువుకు ముందే మార్చేస్తాను.

75 గ్యాలన్ల పొర అంటే రోజుకు 284 లీటర్లు, గంటకు దాదాపు 12. అది కాగితం మీది లెక్క. పంపు ఒత్తిడి తగ్గినా, నీళ్ళు చల్లగా ఉన్నా తక్కువే వస్తుంది. నాకు 160 లీటర్లు పట్టడానికి రెండు రోజులు పట్టింది. దీనికి మూడింతలు నీళ్ళు వ్యర్థంగా బయటికి పోతాయి. ట్యాంకరు పిలిపించుకునే ఊళ్ళో అది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ గొట్టాన్ని బకెట్లలోకి పెట్టండి. ఇసుక కడగడానికి నీళ్ళు బోలెడు కావాలి, వాటికి ఇవి చాలు. మిగిలినవి గచ్చు తుడవడానికి.

అసలు 160 ఎందుకంటే, తొట్టి నిండా అయితే 182 లీటర్లు. పై అంచుకు 5 సెంటీమీటర్లు వదిలితే 162. ఇసుక, రాళ్ళు ఆక్రమించే చోటు తీసేస్తే పట్టేవి 145 లేదా 148. మిగిలే పది పదిహేను లీటర్లు మొదటిసారి నీళ్ళు మార్చేటప్పుడు పనికొస్తాయి.

కలపడానికి డ్రమ్ములు కావాలి. మా ఇంట్లో డ్రమ్ములకు కొదవ లేదు. కానీ ఒక్కసారి ఆవకాయ పట్టిన డ్రమ్ము ఎన్నిసార్లు కడిగినా మూత తీస్తే ఆవపిండి గుప్పుమంటుంది. నూనె ప్లాస్టిక్కులోకి ఇంకిపోతుంది. బేగంబజారు వెళ్ళి ఆహారపదార్థాలకు వాడే 100 లీటర్ల డ్రమ్ములు రెండు కొత్తవి తెచ్చుకున్నాను. వాటిలో సబ్బు కూడా వాడలేదు. పది లీటర్ల క్యానుతో కొలిచి పోస్తూ ప్రతి పదికీ బయట టేపు అంటించాను. డ్రమ్ముకు ఎనిమిది క్యాన్లు.

ఇప్పుడు ఉప్పు. నేను చీరాలదాన్ని కాబట్టి అందరూ అడిగేది ఒకటే: "మీ దగ్గరి చినగంజాం మడుల కల్లుప్పు సముద్రం నుంచి వచ్చిందే కదా, దాన్నే నీళ్ళలో కలిపితే సరిపోదా?" ఉప్పు మడులను చూసినవాళ్ళకు జవాబు తేలికగా అర్థమవుతుంది. మడిలో సముద్రపు నీళ్ళు ఎండుతున్నకొద్దీ ముందు సున్నపురాయి లాంటిది అడుగున పేరుకుంటుంది, తరువాత జిప్సం. మనం తినే ఉప్పు గళ్ళు కట్టేది ఆ తరువాతే, నీళ్ళు పదో వంతుకు తగ్గాక. అది కట్టాక మిగిలిన చేదు నీళ్ళను వదిలేస్తారు, మెగ్నీషియం, పొటాషియం అందులో పోతాయి. చేతికి వచ్చేది దాదాపు ఒట్టి సోడియం క్లోరైడు. ఆ చేదు నీళ్ళ తడి కొంచెం అంటుకుని ఉంటుంది కాబట్టే వానాకాలంలో కల్లుప్పు చెమ్మగిల్లుతుంది. సముద్రంలో మాత్రం కిలో నీటికి 35 గ్రాముల లవణాలు ఉంటే, అందులో సోడియం, క్లోరైడు కలిపి 30 గ్రాములు. మిగతా ఐదు గ్రాముల్లో సల్ఫేటు 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం 0.4, పొటాషియం 0.4. పగడం ఒళ్ళు కట్టుకునేది, నత్త పెంకు పెంచుకునేది ఈ చివరి చిల్లరతోనే. మడిలో పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ తూకం ప్రకారం కలిపి అమ్మేదే సముద్ర లవణ మిశ్రమం. అక్వేరియం దుకాణంలో మెరైన్ సాల్ట్ అని అడగాలి. ఖరీదే. ఇక్కడ పొదుపు చేయకండి.

ఆ సంచి తెరిచే ముందు పిండి సంచిని దొర్లించినట్టు నేల మీద అటూ ఇటూ నాలుగుసార్లు దొర్లించండి. లారీలో వచ్చేటప్పుడు కుదుపులకు సన్నటి రేణువులు కిందికి, లావువి పైకి చేరి ఉంటాయి. సగం సంచి మాత్రమే వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. మిగిలినదాన్ని కారప్పొడిలాగే చూసుకోవాలి: తడి చెయ్యి తగలకూడదు, తడి గరిటె తగలకూడదు, మూత బిగుతుగా ఉండాలి. ఇందులోని మెగ్నీషియం, కాల్షియం క్లోరైడులు గాలిలోని చెమ్మను లాక్కుంటాయి. రాయిలా గడ్డకట్టిన మిశ్రమాన్ని నేను వాడను. గడ్డలోనే కొంత కాల్షియం సున్నమై కూర్చుంటుంది, తరువాత ఎంత తిప్పినా కరగదు.

లీటరుకు ఎంత? రకాన్ని బట్టి 36 నుంచి 40 గ్రాములు. సంచి మీద రాసి ఉంటుంది. 35 కాక ఎక్కువ ఎందుకంటే, మిశ్రమంలోని కొన్ని లవణాలు తమతో పాటు కొంత నీటిని కూడా మోసుకొస్తాయి. నేను కొన్నదానికి 38. డ్రమ్ముకు 80 లీటర్లు, అంటే 3 కిలోల 40 గ్రాములు.

ఇక్కడే నేను మునిగింది. జాడీలో ముందు అడుగున ఉప్పు పరిచి, తరువాత ముక్కలు వేసి, మళ్ళీ ఉప్పు. ఇన్నేళ్ళ అలవాటు. అదే చేత్తో మొదటి డ్రమ్ములో అడుగున మూడు కిలోల ఉప్పు పోసి, మీద నీళ్ళ గొట్టం వదిలాను. అప్పుడు మే నెల. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చిన నీళ్ళు చెయ్యి పెడితే కాలేటంత వేడిగా ఉన్నాయి, ఆర్‌ఓ నుంచి వచ్చినా ఆ వేడి తగ్గలేదు. డ్రమ్ములో నీళ్ళు సున్నపు నీళ్ళలా తెల్లబడ్డాయి. "కరుగుతుందిలే" అని రెండు రోజులు చూశాను. మూడో రోజు పైన తేరాయి, అడుగున గోరుతో గీకితే రాని పెచ్చు. కొంచెం ఉప్పే ఎక్కువ నీళ్ళలో పడితే అన్నీ సర్దుకుని కరుగుతాయి. కొంచెం నీళ్ళే ఎక్కువ ఉప్పు మీద పడితే ఆ చిక్కటి ద్రవంలో కాల్షియం, కార్బొనేటు ఒకదాన్నొకటి పట్టుకుని సున్నంగా దిగిపోతాయి. వేడి నీళ్ళలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఆల్కలినిటీ, అంటే నీటి పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేటు బలం, పరీక్ష చేస్తే 8 డీకేహెచ్ (దాని కొలమానం) దాటి ఉండాల్సింది 5 చూపించింది. మూడు కిలోల ఉప్పు, ఒక రోజు నీళ్ళు తూములో పోశాను. ఆ పెచ్చును మాత్రం వెనిగర్ వేసి కరిగించాను. అది బుసబుస పొంగుతుంటే అది సున్నమేనని రుజువైంది.

కాబట్టి ఎప్పుడూ నీళ్ళు ముందు, ఉప్పు తరువాత. నీళ్ళను రాత్రంతా మూతపెట్టి ఉంచి, తెల్లవారుజామున 25, 26 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కలుపుతాను. వేసవిలో అంత చల్లగా ఉండవు. అప్పుడు శుభ్రమైన సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి, డ్రమ్ములో తేలనిస్తాను. హైదరాబాదులో నీళ్ళు వేడి చేయాల్సిన అవసరం జనవరి తెల్లవారుజాముల్లో తప్ప నాకు రాలేదు. డ్రమ్ములో తిప్పుడు పంపు పెట్టి, నీళ్ళు సుడి తిరుగుతుండగా ఉప్పును గిన్నెతో కొద్దికొద్దిగా చల్లుతూ వెళ్ళాలి. ఉప్మాలో రవ్వ పోసేటప్పుడు ఎలా పోస్తామో అలాగే. ఒక గిన్నె వేసినది కరిగి నీళ్ళు తేరాకే రెండో గిన్నె. మొత్తం వేయడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. గరిటె వాడదలిస్తే ప్లాస్టిక్‌దే. పంపు తీగను ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వదలండి. తీగ మీదుగా జారే నీటి చుక్క ఆ వంపు దగ్గర నేలకు పడిపోతుంది, ప్లగ్గులోకి ఎక్కదు. ఉప్పునీళ్ళు, కరెంటు ఒకచోట ఉన్నప్పుడు ఇది మరవకూడదు.

రోజంతా తిరగనిచ్చాక కొలవాలి. తేలే ముల్లు ఉండే చవక సాధనం ఒకటి దొరుకుతుంది, ముల్లుకు ఒక గాలి బుడగ అంటుకున్నా అబద్ధం చెబుతుంది. కాంతి వంగే తీరును బట్టి ఉప్పు ఎంతో చూపే రిఫ్రాక్టోమీటరు కొనుక్కోండి. గాజు పలక మీద రెండు మూడు చుక్కలు వేసి, మూత వాల్చి, అర నిమిషం ఆగి, కిటికీ వైపు తిప్పి చూస్తే లోపల నీలం, తెలుపు కలిసే గీత కనబడుతుంది. అది 35 మీద ఉండాలి. సాంద్రత అంకెల్లో అయితే 1.026 దగ్గర.

ఆ సాధనం సరిగ్గా ఉందని ఎవరు చెప్పారు? అందరూ స్వచ్ఛమైన నీళ్ళు వేసి సున్నాకు సరిచేస్తారు. నేనూ చేశాను. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నది 35 దగ్గర రెండు మూడు అంకెలు తప్పవచ్చు. దీనికి వంటింట్లోనే మందు ఉంది. 963.5 గ్రాముల సున్నా టీడీఎస్ నీటిలో 36.5 గ్రాముల మామూలు మెత్తటి ఉప్పు కరిగించండి. ఆ ద్రవం కాంతిని వంచే తీరు 35 అంకె ఉన్న సముద్రపు నీటితో సమానం. దాన్ని చుక్క వేసి, గీతను 35 మీదికి మర తిప్పి సరిచేసుకోండి. ఇంగువ, మెంతిపొడి తూచుకునే నా చిన్న కాటా గ్రాములో పదో వంతు చూపిస్తుంది కాబట్టి పది నిమిషాల్లో అయిపోయింది. దుకాణంలో ఇదే ద్రవాన్ని బుల్లి సీసాలో పోసి అమ్ముతారు. ఇంట్లో చేసినది కొలత సరిచేసుకోవడానికే సుమా, తొట్టిలో పోయడానికి కాదు.

గీత తేడాగా ఉంటే కంగారు పడక్కర్లేదు, కూడికలు తీసివేతలే. 33 వచ్చిందనుకోండి: లీటరుకు 2 గ్రాములు తక్కువ, 80 లీటర్లకు 160. మిశ్రమంలో నీళ్ళు కూడా ఉంటాయి కాబట్టి 175 వేసి మళ్ళీ తిప్పండి. 38 వచ్చిందా: 80ని 35తో హెచ్చించి 38తో భాగిస్తే 73.7. అంటే 6.3 లీటర్లు తీసేసి, అన్ని మంచినీళ్ళు పోయాలి. ఊరికే మంచినీళ్ళు కలుపుకుంటూ పోతే డ్రమ్ము పొర్లుతుంది కానీ లెక్క తేలదు, అది మా ఆయన కనిపెట్టిన పద్ధతి.

ఆర్‌ఓ చుక్కలు రాలే ఆ రెండు రోజుల్లోనే ఇసుక పని చేసుకోవాలి. ఇసుక గురించి నాకో బాధాకరమైన అనుభవం ఉంది. మా తమ్ముడికి ఫోను చేసి "ఒక సంచి ఓడరేవు ఇసుక పంపరా" (చీరాల పక్కనున్న సముద్రతీరం అది) అంటే, ఎంతో ప్రేమగా బియ్యం సంచి నిండా పోసి బస్సు మీద వేశాడు. ఆటోలోంచి దింపి మూడంతస్తులు మా ఆయన మోశారు. విప్పి పళ్ళెంలో పోసి చూస్తే పడవల డీజిలు వాసన, నీలం వల పోగులు, నల్లటి చారలు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తెచ్చి తిప్పితే ఆ నల్ల రేణువులు కొన్ని మీసాల్లా లేచి అతుక్కున్నాయి. మన కోస్తా ఇసుకల్లో ఇనుము, టైటానియం ఉన్న బరువు ఖనిజాలు కలిసి ఉంటాయి. ఒక చెంచా ఇసుక మీద వెనిగర్ పోశాను. గవ్వ ముక్కల దగ్గర మాత్రం నాలుగు బుడగలు వచ్చాయి, మిగతాదంతా కదలకుండా కూర్చుంది. అంటే అది నదులు కొండల నుంచి తెచ్చి పోసిన పలుగురాతి ఇసుక. ఇళ్ళు కట్టడానికి వాడే గోదావరి ఇసుకా అలాంటిదే. ఆ సంచి ఇప్పటికీ మేడ మీద ఉంది, గాలికి బట్టల స్టాండు పడిపోకుండా బరువుకు. తమ్ముడికి మాత్రం ఈ మాట చెప్పలేదు.

తొట్టికి కావాల్సింది అరగొనైట్ ఇసుక, అంటే కాల్షియం కార్బొనేటు. వెనిగర్ చుక్క పడగానే సోడాలా పొంగాలి. దుకాణంలో కొనే ముందు ఒక చెంచా అడిగి అక్కడే పరీక్షించండి. నేను చిన్న సీసాలో వెనిగర్ పట్టుకుపోతే దుకాణదారు "అమ్మా, సలాడ్ చేస్తారా?" అన్నాడు. నీటి పీహెచ్ ఈ ఇసుకే నిలబెడుతుందని కొందరు చెబుతారు, అది పూర్తిగా నిజం కాదు. 8.1, 8.2 దగ్గర అది కరగనే కరగదు. ఆ పని నీటిలోని ఆల్కలినిటీది. తెల్లగా ఉంటుంది, లోహాలు లేనిది, ఇసుకలో తలదూర్చే చేపల ఒంటికి గీతలు పెట్టదు. ఆ మూడూ నాకు చాలు. పగడాన్ని దంచిన ముక్కలని, నిజమైన దిబ్బ రాయి అని ఎవరైనా చాటుగా చూపిస్తే మాత్రం వద్దనండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది. సీలు వేసి, లోపల ఏముందో రాసిన సంచీలే కొనండి. రాళ్ళకు నేను పింగాణీ రకం వాడాను.

రేణువు బొంబాయి రవ్వ అంత సన్నగా ఉంటే పంపు ధాటికి తొట్టి అంతా ఎగురుతుంది. ఆవాల కన్నా పెద్దదైతే సందుల్లో తిండి ఇరుక్కుని కుళ్ళుతుంది. ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు, బొంబాయి రవ్వ కన్నా కాస్త లావు, నాకు బాగా కుదిరింది. మందం 3 సెంటీమీటర్లు. 90ని 45తో, 3తో హెచ్చిస్తే 12 లీటర్ల పైచిలుకు, లీటరుకు కిలోన్నర చొప్పున 18 కిలోలు. అందం కోసం ఏడెనిమిది సెంటీమీటర్లు పోయకండి. అడుగుకు గాలి అందక కుళ్ళిన గుడ్ల వాసన కొట్టే వాయువు పుడుతుంది, కదిపిన రోజు చేపలకు ప్రాణగండం.

కడగడం మేడ మీద పెట్టుకోండి. వంటింటి సింకులో కడిగితే ఆ సన్నటి పొడి వంపులో దిగి సిమెంటులా పట్టేస్తుంది. కింది ఫ్లాటు నుంచి ఒక పిలుపు, సెక్రటరీ నుంచి ఇంకో పిలుపు వస్తాయి. ఒకేసారి అంతా కాదు, బకెట్టుకు నాలుగు కిలోలు. చేతులకు కొబ్బరినూనె, సబ్బు, కారం ఏమీ ఉండకూడదు. ఆర్‌ఓ వదిలిన నీళ్ళు సగానికి పోసి, మోచేతి దాకా ముంచి, అడుగు నుంచి పైకి గుప్పిళ్ళతో తోడుతూ పిసకాలి. మొదటి నీళ్ళు చిక్కటి మజ్జిగ. వంచేస్తే బకెట్టు అంచున ముగ్గుపిండి చార మిగులుతుంది. నాలుగోసారికి పలచటి మజ్జిగ, ఏడోసారికి బియ్యం కడిగిన నీళ్ళు. చాలామంది ఇక్కడ విసుగొచ్చి ఆపేస్తారు. నా గుర్తు ఒకటుంది: చెయ్యి అడుగుదాకా పెట్టి, పిసికాక పది లెక్కపెట్టేలోపు, నా గాజు మీది బంగారు చుక్కలు కనబడాలి. పదకొండోసారికి కనబడ్డాయి. చివరిసారి మాత్రం సున్నా టీడీఎస్ నీళ్ళతో తొలిపి వంచేయాలి. తడిగా, బాక్టీరియాతో ప్యాక్ చేసి అమ్మే లైవ్ శాండ్ కొన్నవాళ్ళు మాత్రం దాన్ని కడగకూడదు, కడిగితే డబ్బు పెట్టి కొన్న ప్రాణులు తూములో పోతాయి. నేను పొడి రకమే కొన్నాను. బాక్టీరియాకు తొందరేమీ లేదు.

తొట్టిలో ముందు రాళ్ళు, తరువాత ఇసుక. ఈ వరస తిరగేసి ఇసుక మీద రాయి పెడితే, కింద గుంట తవ్వుకునే చేప ఏదో ఒకరోజు రాయిని గాజు మీదికి వాల్చుకుంటుంది. రాళ్ళను గాజు అడుగుకే ఆనించి, కదిపి చూసి, వాటి చుట్టూ తడి ఇసుకను గిన్నెతో సర్దాను. స్కేలు గుచ్చి నాలుగు చోట్ల మందం చూశాను. తరువాత ఇసుక మీద ఒక పింగాణీ పళ్ళెం బోర్లించి, డ్రమ్ములోని పంపుకు గొట్టం తగిలించి, ఆ పళ్ళెం మీద ధార పడేలా నెమ్మదిగా నింపాను. ధార నేరుగా ఇసుక మీద పడితే అప్పటిదాకా కడిగినదంతా వృథా. ఇంత చేసినా నీళ్ళు మసకబారాయి. మా ఆయన తొట్టిలోకి చూసి "కొబ్బరి నీళ్ళా?" అన్నారు. పంపు నోటికి దూది పొర చుట్టి వదిలేస్తే రెండో రోజు సాయంత్రానికి వెనక గోడ మీది పెయింటు చారలు కూడా కనబడ్డాయి.

మర్నాడు మళ్ళీ ఉప్పు కొలిచాను. కడిగిన ఇసుకలో నిలిచిన మంచినీళ్ళ వల్ల 35 నుంచి 34కు దిగింది. రెండు రోజులు తొట్టిలో పావు గిన్నె చొప్పున కలిపి సరిచేశాను. తొట్టిలో ప్రాణులు లేవు కాబట్టి ఆ పని చేయగలిగాను. చేపలు ఉన్న తొట్టిలో పొడి ఉప్పు ఎప్పుడూ వేయకూడదు, డ్రమ్ములో కరిగించిన నీళ్ళే పోయాలి.

నీటిమట్టం దగ్గర గాజు మీద సన్నటి టేపు అంటించండి. ఆవిరయ్యేది నీళ్ళు, ఉప్పు కాదు. టేపు కన్నా మట్టం దిగితే పోయాల్సింది సున్నా టీడీఎస్ మంచినీళ్ళే. ఉప్పునీళ్ళు పోస్తూ పోతే వారంలో తొట్టి ఉప్పుచేపల జాడీ అవుతుంది. మే నెలలో తొట్టి పైకి చిన్న ఫ్యాను తిప్పితే నీళ్ళు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి, బదులుగా మా తొట్టి రోజుకు మూడు లీటర్లు తాగింది. ఉదయం కాఫీ పెట్టే ముందు మూడు లీటర్లు పోయడం నా లెక్కలో పడిపోయింది.

చేపలు ఇంకా రావు. కాస్త చేపల తిండి వేసి కుళ్ళనిస్తే అమ్మోనియా పుడుతుంది, దాన్ని నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఇసుకలో, రాళ్ళలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ పరీక్షలో సున్నా వచ్చేదాకా దుకాణం వైపు వెళ్ళకండి. పై ఫ్లాటు పిల్లవాడు రోజూ బడి నుంచి రాగానే వచ్చి, ఖాళీ తొట్టి ముందు బ్యాగుతో సహా నిలబడి, "ఆంటీ, ఇవాళ కూడా రాలేదా?" అని అడిగేవాడు. ముప్ఫై ఆరు రోజులు అడిగాడు.

రెండో డ్రమ్ములో మిగిలిన పదమూడు లీటర్ల ఉప్పునీళ్ళకు మూత పెట్టి, మీద జాడీలకు కట్టే పాత పంచె ముక్క కట్టాను. పచ్చళ్ళకు అంటించే చీటీ మీదే తేదీ, 35 అంకె రాసి అంటించాను. చీటీ మీద "మామిడి" అని అచ్చై ఉంటే దాన్ని కొట్టేసి "సముద్రం" అని రాశాను, మా ఆయన పొరపాటున గోంగూరలో పోయకుండా.